కూరాకుల ఉపవాసం

నా భార్య గుండె పక్కవాళ్లకు వినపడుతుంది. తొమ్మిదేళ్ల కిందట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి, ఆమె గుండెలో పాడైపోయిన వాల్వు తీసేసి దాని చోట లోహంతో చేసిన వాల్వు పెట్టారు. అప్పటి నుంచి అది మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. బస్సులో, బజారులో ఎవరికీ తెలియదు. నలుగురు మౌనంగా కూర్చున్న చోట మాత్రం, ముఖ్యంగా మందిరంలో, ఆ చప్పుడు దాచడం మా వల్ల కాలేదు.

ఆపరేషన్ తర్వాత ఆమె సూర్యాపేటలోని మా మందిరానికి వచ్చిన మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. మౌన ప్రార్థన మధ్యలో మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, కళ్లు తెరిచి గోడ గడియారం వైపు చూశారు. అది ఎప్పటిలాగే నాలుగూ పదికి ఆగి ఉంది. ఆరాధన అయ్యాక వరండాలోకి వచ్చి అడిగారు.

"గడియారం నడుస్తున్నట్టు సప్పుడొచ్చింది. ఎవలన్న బాగుచేసిండ్రా?"

నా భార్య కొంగు సర్దుకుని, "హైదరాబాద్ డాక్టర్లు బాగుచేశారు అయ్యగారూ" అంది.

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. ఆనాటి నుంచి ప్రసంగం ఎక్కువసేపు సాగితే, "గడియారమ్మ కూసున్నది, ఇగ ముగిస్త" అని తన మీద తనే జోకు వేసుకుంటారు.

నేను మోతె దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతాను. మా సంఘంలో పెద్దల్లో ఒకణ్ణి. మా నాన్న కూలికి పోయే మనిషి. ఆయనకు చదువు రాదు గానీ, బైబిలు వాక్యం విని విని కంఠతా పట్టాడు. నాకు అక్షరాల కంటే ముందు కీర్తనలు నేర్పాడు. ఇప్పటికీ వేకువనే ఇంట్లో ప్రార్థన చెయ్యనిదే నేను మంచినీళ్లు ముట్టను. ఉపవాస దినాలు వస్తే సంఘంలో అందరికంటే ముందు నా పేరు ఉంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన పొరపాటు వాక్యం తెలియకుండా చేసింది కాదు. బాగా తెలుసనుకుని చేసింది.

ఆమె జబ్బుకు మూలం కోదాడలో ఉంది, ఆమె పుట్టింట్లో. పదేళ్ల వయసులో గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. ఆ వెంటనే మోకాళ్లు, మణికట్లు వాచాయి. వాళ్ల అమ్మ ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టింది. వాపు దిగింది, అందరూ మరిచిపోయారు. ఆ జ్వరం లోపల గుండె వాల్వును పట్టుకుని ఏడాదికింత బిగించుకుంటూ పోయిందని మాకు పెళ్లయిన పన్నెండేళ్లకు గానీ తెలియలేదు. బిందె ఎత్తితే ఆయాసం. రెండు మెట్లెక్కితే ఆగడం. రక్తం తక్కువేమో అనుకున్నాం. అప్పట్లో సూర్యాపేటలో ఉన్న ఒక డాక్టరమ్మ ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి ఆ గొట్టాలు నా చెవులకు తగిలించింది.

"ఏం వినపడుతున్నది సార్?"

రెండు చప్పుళ్ల మధ్య ఎక్కడో దూరంగా గురగుర ఉంది. "నీళ్లు పారినట్టుంది మేడం" అన్నాను.

"సరిగ్గనే చెప్పిన్రు. కాలువ తూము పూర్తిగ తెరిస్తే నీళ్లు సప్పుడు లేకుంట పోతయి. సగం మూసి సూడుండ్రి, గురగురమంటది. ఈమె గుండెల తూము సగానికి పైన మూసుకున్నది. ఆ సప్పుడునే మేం మర్మర్ అంటం. కొందరికి ఏ జబ్బు లేకున్నా మర్మర్ ఉంటది, దాంతోటి భయం లేదు. ఈమెది అసుంటిది కాదు."

అట్లా మొదలై హైదరాబాద్ దాకా వెళ్లింది. వాల్వు మారాక గురగుర పోయి టిక్కు వచ్చింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మాకు మూడు సంగతులు చెప్పారు. రక్తం పలుచగా ఉంచే మాత్ర బతికినంత కాలం రోజూ వేసుకోవాలి. నెలకోసారి రక్తం పరీక్ష చేయించి ఆ పలుచదనం ఎంతుందో చూసుకోవాలి. మూడోది తిండి గురించి. అందులో ఆకుకూరల మాట తప్పకుండా చెప్పే ఉంటారు. కాగితం మీద కూడా ఉందని తర్వాత చూసుకున్నాను. కానీ ఆ రోజు మా చెవులకు ఆమె బతికింది అన్న మాట తప్ప ఇంకేదీ ఎక్కలేదు. ఉప్పు తగ్గించాలన్నది గుర్తుంది. మిగిలింది మడత పెట్టి, ఆ కాగితాన్ని పరిశుద్ధ గ్రంథంలో పెట్టాం. మా ఇంట్లో విలువైన కాగితాలన్నీ అందులోనే ఉంటాయి.

కోదాడలో మా అత్తమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమెకు చూపు తగ్గింది, చెవులు మాత్రం పాము చెవులు. ప్రతి ఆదివారం మందిరం నుంచి రాగానే ఫోన్ చేస్తుంది. కూతురితో మొదటి మాట బాగున్నావా అని అడగదు.

"ఫోన్ గుండెకాడ పెట్టమ్మాయ్."

నా భార్య ఫోన్‌ను ఛాతీకి ఆనించుకుని నిలబడుతుంది. అవతల అత్తమ్మ కాసేపు విని, "నడుస్తంది. ఇంక చెప్పు, ఏం వండావ్" అంటుంది. పక్కింటి వాళ్లు మొదట్లో వింతగా చూసేవారు. మాకు అదొక ఆరాధన క్రమం లాగా అయిపోయింది. తొమ్మిదేళ్లలో అది తప్పిన ఆదివారం లేదు.

ఇక ఉపవాసం సంగతి.

మా సంఘంలో ఏటా కోత పండుగకు ముందు ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన పెడతాం. పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం ప్రార్థన తర్వాత అందరం కలిసి మందిరం వెనక పందిట్లో భోజనం చేస్తాం. నా భార్య మాత్రలు వేసుకునే మనిషి కాబట్టి ఉపవాసం ఉండనిచ్చేవాళ్లం కాదు. ఆమె వంట దగ్గర ఉండేది, వడ్డించేది. పోయిన ఏడు పందిట్లో అందరూ తిన్నాక గిన్నెలు సర్దుతూ నాతో అంది.

"వడ్డించేదాన్నే గానీ, ఈ సంఘంలో నేను ఏనాడైనా మొక్కుబడి చెల్లించేదాన్ని అవుతానా?"

ఫిర్యాదులా అనలేదు. నవ్వుతూనే అంది. కానీ ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది. ఆపరేషన్ గదిలో నుంచి ఆమెను దేవుడు వెనక్కి ఇచ్చాడని నేను ఊరూరా సాక్ష్యం చెప్పుకుంటున్నాను. ఆమెకు మాత్రం కృతజ్ఞతగా ఒక్క రోజు ఉపవాసం ఉండే అవకాశం లేదు.

అప్పుడు నాకు వాక్యంలోని ఆ సంగతి తట్టింది. పరాయి రాజు చెరపట్టి తెచ్చుకున్న నలుగురు యువకులు, రాజు బల్ల మీది మాంసం, ద్రాక్షారసం మాకొద్దని, పది రోజులు కూరలు, గింజలు, నీళ్లతో గడిపారు. పది రోజుల తర్వాత వాళ్ల ముఖాలు అందరికంటే కళగా ఉన్నాయి. ఇదైతే నా భార్య కూడా చెయ్యగలదు. పూట తప్పదు, మాత్ర తప్పదు. ఈ ఏడు పెద్దల సమావేశంలో నేనే లేచి చెప్పాను: ఈసారి కూరాకుల ఉపవాసం చేద్దాం, ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు కూడా కలుస్తారు. అయ్యగారు సంతోషంగా ఒప్పుకున్నారు. పది రోజులు వద్దు, ఎప్పటిలాగే ఇరవై ఒక్కటి ఉండాలని పట్టుబట్టింది కూడా నేనే. ఇంటికి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం ఎట్లా వెలిగిందో నేను మరిచిపోలేను.

ఆత్మకూర్ ఎస్ అనే ఊరి నుంచి మా మందిరానికి వచ్చే ఒక అవ్వ ఉంది. ఎకరం చెలకలో ఆకుకూరలే వేస్తుంది. ఆమె ఆ ఇరవై ఒక్క రోజులు సంఘానికి కూర తన చెలకలోదే అని మాట ఇచ్చింది. తెల్లవారేసరికి ఆటోలో గంప వచ్చేది. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి. ఇంటికి ఇన్ని కట్టలని పంచేవారు. మా ఇంటి వాటా మాత్రం ఆ అవ్వ తన చేత్తో విడిగా ఏరి పెట్టేది.

"బిడ్డా, నీకు లేతది తీసి పెట్టిన. పాలకూర ఎక్కువ తిను. రక్తం పడతది, గుండెకు బలం."

"అవ్వా, మూడు కట్టలా? ఇద్దరికి?"

"నీ మొగనికెందుకు, ఆయన వాక్యం తిని బతుకుతడు. నువ్వు తిను."

పొద్దున పాలకూర ఉడికించి వడకట్టిన నీళ్లు, మధ్యాహ్నం జొన్న రవ్వ ఉడికించిన గటకలో తోటకూర, సాయంత్రం గోంగూర పప్పు. ప్రేమతో తెచ్చింది, ప్రేమతో వండింది, ప్రార్థన చేసి తిన్నది. మాత్ర ఒక్క రోజు కూడా తప్పలేదు. ఎనిమిదో రోజున నెలవారీ రక్తం పరీక్షకు మిర్యాలగూడ పోవాల్సి ఉంది. మా డాక్టరమ్మ చాలాకాలంగా అక్కడే ఉంటోంది, మేమూ పరీక్షలకు ఆమె దగ్గరికే మిర్యాలగూడ పోతున్నాం. ఆ రోజు మందిరంలో స్త్రీల కూడిక నా భార్య నడిపించాలి. "ఉపవాసం ముగిశాక పోదాం, రెండు వారాలకు ఏమైతది" అన్నాను. ఆమె సరేనంది.

పన్నెండో రోజు ఆదివారం. అత్తమ్మ ఫోన్ చేసింది. నా భార్య ఎప్పటిలాగే ఛాతీకి ఆనించింది. అవతల అత్తమ్మ ఈసారి చాలాసేపు విన్నది. తర్వాత నాకు ఇవ్వమంది.

"అల్లుడు గారూ, సప్పుడు ముద్దగా వస్తందేంది? గుడ్డలో చుట్టినట్టుంది."

"సిగ్నల్ సరిగ్గ లేదు అత్తమ్మ. పొద్దుటి నుంచి గిట్లనే ఉన్నది."

"సిగ్నల్ లేకపోతే మీ మాట కూడా ముద్దగా రావాలి గదయ్యా."

ఆ ముసలమ్మ మాటలో ఉన్న తెలివి నాకు ఆ రోజు తలకెక్కలేదు. కొత్త ఫోన్ కొంటానని చెప్పి పెట్టేశాను.

పదిహేనో రోజు నా భార్య మందిరం మెట్ల మీద ఆగింది. మూడు మెట్లే అవి. "ఉపవాసం కదండీ, నీరసం" అంది. నేనూ ఔననుకున్నాను. ఉపవాసంలో శరీరం నలగాలి, అందులోనే దీవెన ఉందని నేనే ఎన్నోసార్లు బోధించాను.

పదిహేడో రోజు వేకువన మేమిద్దరం చాప మీద మోకరించాం. నేను ప్రార్థన చేశాను. చివర కాసేపు మౌనంగా ఉండటం మా అలవాటు. ఆ మౌనంలో నాకు ఎప్పుడూ ఆమె గుండె వినపడుతుంది. తొమ్మిదేళ్లుగా నా వేకువ ప్రార్థనకు తాళం అదే. దాని మీద నేను ఎన్నడూ మనసు పెట్టలేదు, ఫ్యాను చప్పుడు మీద మనసు పెట్టనట్టే. ఆ రోజు ఫ్యాను లేదు, కరెంటు పోయింది. వీధిలో పాలవాడు కూడా రాలేదు. నేను వింటూ ఉన్నాను. ఏమీ లేదు. ముందుకు వంగాను. ఎక్కడో లోపల, మెత్తగా, దిండు మీద వేలు కొట్టినట్టు ఉంది.

"ఆమెన్ అనరేం?" అంది ఆమె కళ్లు తెరవకుండానే.

"నీ గుండె వినపడతలేదు."

ఆమె కళ్లు తెరిచింది. "నాకూ మూడు నాలుగు రోజుల నుంచి అట్టాగే ఉంది. చెబితే ఉపవాసం మాన్పిస్తారని చెప్పలా" అంది.

ఇక్కడ నేను నిజం రాయాలి. అప్పుడు నా మనసులో మొదట వచ్చిన ఆలోచన మిర్యాలగూడ గురించి కాదు. ఇంకా నాలుగు రోజులే కదా అన్నది. ముప్పై ఏళ్లలో నేను మొదలుపెట్టిన ఉపవాసం మధ్యలో విడవలేదు. ఈసారిది నేను ఏర్పాటు చేసింది, అదీ ఆమె కోసం. నేను అయ్యగారికి ఫోన్ చేసినప్పుడు, ప్రార్థన చేద్దాం, అంతా సర్దుకుంటుంది అని ఆయన అంటే బాగుండునని నాలో ఒక మూల ఆశపడింది.

ఆయన అంతా విని, "సార్, ఎంతసేపైంది?" అని అడిగారు.

"నాలుగు రోజుల నుంచంట."

"మరి ఇంట్ల ఏం చేస్తున్నరు? ప్రార్థన బండిల చేద్దాం. ఆమెకు చెప్పులు తొడిగియ్యి, నేనొస్తున్న."

పావుగంటలో సువార్త వ్యాను వచ్చింది. పైన రెండు లౌడ్ స్పీకర్లు, పక్కన నీలం రంగుతో రాసిన వాక్యాలు. అయ్యగారే నడిపారు. ఆయనకు వ్యాను నడపడం, ప్రసంగించడం రెండూ ఒకే వేగంలో వస్తాయి. ఆ రోజు మాత్రం ప్రసంగం లేదు. దారి పొడవునా వరి చేలు పండి ఉన్నాయి. నా భార్య కిటికీ దగ్గర కూర్చుని, "కోత పండుగ నాటికి ఇవన్నీ కోసేస్తారు" అంది. నేను ఆమె మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఆ పండుగ నాటికి ఆమె ఉంటుందా అన్న మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

డాక్టరమ్మ చాలాసేపు విన్నది. ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టి మళ్లీ విన్నది. స్టెతస్కోపు మెడలో వేసుకుని నా వైపు తిరిగింది.

"టిక్కు మొద్దుబారింది సార్. పాత గురగుర మళ్ల వచ్చింది."

స్కాను తీసింది. తెర మీద చూపించింది. ఆమె వాల్వుకు తలుపు రెక్కల్లాంటివి రెండున్నాయి. ఒకటి ఆడుతోంది. రెండోది సగంలో ఇరుక్కుని వణుకుతోంది. దాని మూలలో రక్తం గడ్డకట్టి ఉంది. ఈలోపు రక్తం పరీక్ష ఫలితం వచ్చింది. రెండున్నరకు పైన ఉండాల్సిన పలుచదనం అంకె ఒకటి పాయింట్ మూడు ఉంది.

"మాత్రలు ఎన్ని రోజులు మానేసిన్రు?"

"ఒక్క రోజు మానలేదు మేడం. దేవుని తోడు."

"మరి ఇంత చిక్కబడదు. కొత్త మందులేమన్న వాడిన్రా? నాటు మందు?"

"ఏం లేదు."

"ఏం తింటున్నది?"

నాకు సిగ్గు లేదు, చెప్పేశాను. ఇంకా గొప్పగానే చెప్పాను కావచ్చు. మాంసం లేదు, నూనె లేదు, ఇరవై ఒక్క రోజుల కూరాకుల ఉపవాసం, ఇవాళ్టికి పదిహేడో రోజు. డాక్టరమ్మ చేతిలో కలం బల్ల మీద పెట్టింది.

"ఏం కూరాకులు?"

"పాలకూర, తోటకూర, గోంగూర."

"రోజుకు ఎంత?"

"మూడు కట్టలు."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "సార్, ఆ మాత్ర చేసే పనికి ఈ ఆకు అడ్డం పడతది. మాత్ర రక్తాన్ని పలుచ చేస్తది, ఆకులున్న విటమిన్ గడ్డకట్టిస్తది. రోజూ ఒక్క తీరుగ తింటే దానికి సరిపోను మాత్ర నేనే ఇస్త. ఎప్పుడూ తిననోళ్లు ఒక్కసారే మూడు కట్టలు తింటే మాత్ర వేసుకున్నా వేసుకోనట్టే."

అయ్యగారు నెమ్మదిగా, "ఉపవాసమమ్మా, దేవుని కోసం" అన్నారు.

"మీ దేవుడితోటి నాకేం పంచాయితీ లేదు అయ్యగారు. నా పంచాయితీ పాలకూరతోటి."

మంచం మీద నుంచి నా భార్య కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకే ఆమెకు ఆయాసం వచ్చింది.

గడ్డ కరిగించే మందు సూది ద్వారా ఎక్కిస్తామని డాక్టరమ్మ చెప్పింది. దానితో మెదడులో రక్తం చిమ్మే ప్రమాదం కొంచెం ఉందని కూడా దాచకుండా చెప్పింది. కరిగితే సరే, కరగకపోతే హైదరాబాద్ పంపాలి, రెండోసారి గుండె తెరవాలి. నేను సంతకం పెట్టాను.

ఇతరుల కోసం ఎన్నో ఆసుపత్రుల్లో గట్టిగా ప్రార్థన చేసిన నాకు ఆ వరండాలో ఒక్క మాట రాలేదు. అయ్యగారు పక్కన కూర్చున్నారు. కాసేపటికి లేచి వెళ్లి రెండు ప్లేట్లలో ఇడ్లీ, పల్లీ చట్నీ తెచ్చారు.

"తిను."

"ఉపవాసం అయ్యగారూ."

"ఎవరిది?"

నేను తలెత్తి చూశాను.

"ఆమెది ఇయ్యాల పొద్దున్నే అయిపోయింది. నాది ఇప్పుడు అయిపోతున్నది" అని ఆయన ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నారు. "నీది ఇంకా ఎవరి కోసం నడుస్తున్నది?"

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఉపవాసం మధ్యలో విడిచాను. చట్నీలో కారం ఎక్కువైంది. కళ్లలో నీళ్లకు అదొక సాకు దొరికింది.

తింటుండగా ఆ నలుగురు యువకుల సంగతి నాకు మళ్లీ గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన భాగమది. ఎన్నిసార్లో బోధించాను. వాళ్లు ఊరికే కూరలు తిని కూర్చోలేదు. తమను చూసుకునే అధికారితో, పది రోజులు మాకు ఇవి పెట్టి చూడు, తర్వాత మా ముఖాలు చూసి నీకు తోచినట్టు చెయ్యి అని ముందే చెప్పారు. ఆ అధికారి దేవుణ్ణి ఎరగనివాడు. అయినా చూసే పని అతనికే అప్పజెప్పారు. నేను పది రోజుల్ని ఇరవై ఒక్కటి చేశాను. చూసే మనిషి దగ్గరికి పోవాల్సిన ఎనిమిదో రోజును వెనక్కి జరిపాను. వాక్యంలో నుంచి కూర తీసుకుని, చూపించుకోవడాన్ని వదిలేశాను. ఆ వరండాలో నా ప్రార్థన ఆ ఒప్పుకోలుతోనే మొదలైంది. అది మొదలయ్యాక మిగిలిన మాటలు వాటంతట అవే వచ్చాయి.

మరుసటి రోజు పొద్దున్నే కోదాడ నుంచి మొదటి బస్సుకు అత్తమ్మ వచ్చింది. లోపలికి ఒక్కరినే పంపుతామన్నారు. నేను ఆమెనే వెళ్లమన్నాను. అద్దంలో నుంచి చూస్తున్నాను. ఆమె కూతురి మంచం మీదికి వంగి, చెవి ఛాతీకి ఆనించింది. నర్సు వచ్చి ఏదో అంటోంది. అత్తమ్మ చెయ్యెత్తి ఆమెను ఆగమంది. అట్లాగే ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత నర్సుతో పాటు బయటికి వచ్చింది. నర్సు కోపంగా ఉంది.

"ఏందమ్మా, పేషెంట్ మీద పడుకుంటవా? నిన్న పెద్ద మందు ఎక్కించినం, కదిలియ్యొద్దంటే వినవు."

"నేను పడుకోలా. విన్నా" అంది అత్తమ్మ. నా వైపు తిరిగింది. "నడుస్తంది అల్లుడు గారూ. కొంచెం బొంగురుగా ఉంది, కానీ నడుస్తంది."

డాక్టరమ్మ పదింటికి వచ్చి విని, స్కాను చేసి, అదే మాట డాక్టరు భాషలో చెప్పింది. రెండో రెక్క ఆడుతోంది. సాయంత్రానికి ఇంకా బాగా ఆడింది. నాలుగో రోజుకు గురగుర పూర్తిగా పోయింది. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే నేను బయట వరండాలో గోడకు ఆనుకుని, అట్లాగే జారి కింద కూర్చున్నాను. మోకాళ్ల మీద ఉన్నానో, ఊరికే కూలబడ్డానో చూసేవాళ్లకు తెలిసి ఉండదు. నాకు మాత్రం తొమ్మిదేళ్ల కిందట ఒకసారి, ఇప్పుడు ఒకసారి, దేవుడు ఆమెను నా చేతుల్లో పెట్టినట్టు అనిపించింది. రెండోసారి, తప్పు నాదైనా.

వారం రోజులు కోదాడలో అత్తమ్మ దగ్గర ఉంచి సూర్యాపేట తీసుకొచ్చాను. కోత పండుగకు రెండు రోజుల ముందు. ఆ పండుగ నాడు మందిరం నిండా వడ్ల కంకులు, గుమ్మడికాయలు, మొక్కజొన్న పొత్తులు. సాక్ష్యాల సమయం వచ్చింది. నేను లేచి జరిగిందంతా చెప్పాలని ముందే అనుకున్నాను. అయితే అయ్యగారు మైకు నా భార్య దగ్గరికి తీసుకెళ్లారు. ఆమెకు నలుగురిలో మాట్లాడటం అలవాటే. లేచి మైకు అందుకుంది. తర్వాత దాన్ని నోటి దగ్గర నుంచి కిందికి దించి, ఛాతీకి ఆనించుకుంది.

స్పీకర్లలో టిక్కు, టిక్కు అని వచ్చింది. మందిరమంతా వినపడింది. అయ్యగారు ఎందుకో గోడ గడియారం వైపు చూశారు. అది ఇంకా నాలుగూ పదికే ఉంది.

ఆ తర్వాత నేను లేచి, ఈ ఉపవాసంలో నేను చేసిన పొరపాటు దాచకుండా చెప్పాను. వచ్చే ఏటి నుంచి మా ఉపవాసం పది రోజులే అని పెద్దలం తీర్మానం చేసుకున్నాం. మాత్రలు వేసుకునేవాళ్లు ముందుగా తమ డాక్టరును అడిగి, ఏది ఎంత తినాలో తెలుసుకున్నాకే కలవాలి. ఉపవాసం ఉన్నా లేకున్నా పరీక్షకు పోవాల్సిన రోజు జరపకూడదు. వ్యాను అయ్యగారే నడుపుతానన్నారు.

ఆత్మకూర్ అవ్వ మాత్రం ఆ రోజు వెనక వరుసలో కూర్చుని, ఆరాధన కాగానే కనపడకుండా వెళ్లిపోయింది. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. మూడో వారం నా భార్యే నన్ను తీసుకుని ఆమె చెలకకు వెళ్లింది. అవ్వ మమ్మల్ని చూసి, చేతిలో కొడవలి కింద పెట్టి, మడి గట్టు మీద కూర్చుంది.

"నీ నోట్ల విషం పెట్టిన బిడ్డా."

"విషమేంది అవ్వా. ఒక్క కట్ట పాలకూర కొయ్యి."

"నేను కొయ్య. నీకు ఆకు ముట్టియ్య."

"డాక్టరమ్మే తినమంది. రోజూ ఒక గరిటె, తక్కువా కాదు ఎక్కువా కాదు. నీ కాడ తీసుకోకపోతే బజార్లో కొనుక్కోవాలి. అది నీకు ఇష్టమేనా?"

అవ్వ లేచి ఒకే ఒక్క కట్ట కోసింది. దానిలో నుంచి మళ్లీ నాలుగు ఆకులు తీసేసి, మిగిలింది నా భార్య చేతిలో పెట్టి, "గరిటె చిన్నది పెట్టు" అంది. ఇప్పుడు వారం వారం ఆ కొలతే వస్తుంది.

ఈ మధ్య వేకువ ప్రార్థనలో నా ఆమెన్ కొంచెం ఆలస్యం అవుతోంది. చివరి మౌనంలో నేను ఫ్యాను ఆపేస్తాను. దేవుడికి చెప్పాల్సింది అయిపోయాక కూడా కాసేపు అట్లాగే వింటూ ఉంటాను. టిక్కు స్పష్టంగా ఉంటుంది, కొత్త గడియారంలా. ఆమెకు నేను ఎందుకు ఆగానో తెలుసు. చాలాసేపు ఓపిక పడుతుంది.

"విన్నారా?" అంటుంది చివరికి. "ఇంక ఆమెన్ అనండి. టీ పెట్టాలి."